సొంతంగా కారు రిపేర్ నేర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి? (2014 వ్యాగనార్, పొద్దున సెల్ఫ్ తీసుకోవట్లేదు)

ఖమ్మం వ్యాగనార్:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. మా నాన్నగారు 2014లో కొన్న వ్యాగనార్ పెట్రోల్ బండి, 82 వేల కిలోమీటర్లు తిరిగింది, ఆయనకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై డ్రైవింగ్ మానేశారు, పోయిన సంవత్సరం నుంచి నేనే వాడుతున్నా. నాకు బండి గురించి తెలిసిందల్లా పెట్రోల్ కొట్టించడం, గాలి పెట్టించడం, అంతే. స్టెప్నీ కూడా ఇంతవరకు నా చేత్తో మార్చలేదు.

ఇప్పుడు సమస్య ఏంటంటే కొన్ని నెలల నుంచి వారంలో రెండు మూడు సార్లు పొద్దున తాళం తిప్పితే "టక్" అని ఒక్క సౌండ్ వస్తుంది, ఇంజిన్ తిరగదు. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. నాలుగో సారో ఐదో సారో ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. షెడ్డులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు, నాలుగు నెలల కింద కొత్తది వేయించా, ఒక నెల బానే ఉంది మళ్ళీ మొదలైంది. ఇప్పుడు సెల్ఫ్ మోటార్ మార్చాలి, డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసేదట) కూడా వీక్‌గా ఉంది రెండూ కలిపి 11 వేలు అవుతుంది అంటున్నారు. వాళ్ళు తప్పు చెప్తున్నారని నేను అనట్లేదు, అసలు వాళ్ళు చెప్పింది కరెక్టా కాదా తెలుసుకునే పరిస్థితిలో నేను లేను, అదే నా బాధ. టక్ మన్నప్పుడు కూడా హెడ్‌లైట్ ఏమీ తగ్గట్లేదు, హారన్ గట్టిగానే మోగుతుంది, అలాంటప్పుడు డైనమో ఎందుకు మార్చాలో నాకు అర్థం కాలేదు.

అందుకే నిర్ణయించుకున్నా, నెమ్మదిగా అయినా సరే సొంతంగా పని నేర్చుకోవాలని. వీడియోలు చూస్తుంటే ఒకాయన ఇంజిన్ మొత్తం విప్పేస్తున్నాడు, ఇంకొకాయన 25 వేల టూల్ కిట్ లేకపోతే మొదలుపెట్టకండి అంటున్నాడు. ఏ పనితో మొదలుపెట్టాలి, ఏ టూల్స్ కొనాలి, నాలాంటి వాడు అస్సలు ముట్టుకోకూడని పనులు ఏవి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్ అబ్బాయి:

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో హెడ్‌లైట్ తగ్గట్లేదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. మాకు బెజవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు, నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నా, లారీలు ఎక్కువ, కార్లు కూడా వస్తాయి. నువ్వు తెలియకుండానే సగం రిపేరు చేసేశావు.

ఎందుకంటే బ్యాటరీ నిజంగా వీక్ అయితే సెల్ఫ్ కొట్టగానే లైటు ఎర్రగా అయిపోవాలి, డాష్‌బోర్డ్ మీద బొమ్మలు ఆరిపోవాలి. లైటు అలాగే వెలుగుతోందంటే బ్యాటరీలో కరెంటు ఉంది, అది సెల్ఫ్ దాకా చేరట్లేదు. మధ్యలో ఎక్కడో అడ్డం ఉంది. అది ఎర్ర కేబులా, నల్ల కేబులా, లేక సెల్ఫ్ లోపల కరెంటు కలిపే సోలినాయిడ్ పాయింట్లా అన్నది కనుక్కోవాలి. సెల్ఫ్ కూడా కావచ్చు, నేను కాదనట్లేదు, కానీ కనుక్కోకుండా 11 వేలు పెట్టొద్దు.

ఒక మల్టీమీటర్ కొను, 400, 500లో వస్తుంది, ఆ రేంజిలోది ఈ పనికి బాగా సరిపోతుంది. నీ మొదటి టూల్ అదే అవ్వాలి, స్పానర్ సెట్ తర్వాత. నల్ల వైరు కామ్ అని రాసున్న కన్నంలో, ఎర్ర వైరు వోల్ట్ గుర్తున్న కన్నంలో పెట్టు, 10 ఆంపియర్ల కన్నంలో మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, అక్కడ పెట్టి బ్యాటరీకి ఆనిస్తే షార్ట్ అవుతుంది. నాబ్‌ని డీసీ 20 మీద పెట్టు.

పొద్దున బండి ముట్టుకోకముందే బ్యాటరీ రెండు పోస్టుల మధ్య కొలువు. 12.6 ఉంటే ఫుల్, 12.4 పర్లేదు, 12.2 అంటే సగమే ఉందని, 12 కంటే తక్కువ ఉంటే ఛార్జింగ్ పెట్టాకే మిగతా టెస్టులు. ఇక్కడ ఒక విషయం, మీటర్ పిన్ను సీసం పోస్టు మీదే గుచ్చాలి, దాని చుట్టూ బిగించిన క్లాంపు మీద కాదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్యే బూజు పట్టి ఉంటే క్లాంపు మీద పెట్టిన రీడింగు నిన్ను మోసం చేస్తుంది.

తర్వాత ఇంట్లో ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టు. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ ఖచ్చితంగా. వాళ్ళు తాళం తిప్పినప్పుడు బ్యాటరీ మీద వోల్టేజ్ చూడు. 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీ తప్పు. టక్ మంటూ కూడా 12 దగ్గరే ఉంటే నేను చెప్పినట్టు మధ్యలో అడ్డం.

ఇప్పుడు అసలు టెస్టు. నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర పిన్ను ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్టు మీద. మామూలుగా సున్నా చూపిస్తుంది. మళ్ళీ సెల్ఫ్ కొట్టమను. 0.2, 0.3 లోపు ఉంటే ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వచ్చే దారి, బాగుంది. అర వోల్టు దాటిందంటే నీ దొంగ దొరికినట్టే. సెల్ఫ్ మోటార్ తిరిగేటప్పుడు 100 ఆంపియర్ల పైనే లాగుతుంది, దారిలో 0.02 ఓమ్ అడ్డం ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి, అదే హెడ్‌లైటుకైతే నాలుగైదు ఆంపియర్లే కాబట్టి తేడా కనపడదు. బ్యాటరీ నుంచి నల్ల వైర్లు ఒకటి బాడీకి, ఒకటి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తాయి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కదా, ఆ నల్ల వైరు సరిగ్గా లేకపోతే దానికి తిరుగు దారి లేదు.

మా నాన్న అయితే మీటర్ కూడా తీసేవారు కాదు. పొద్దున్నే తోసుకుంటూ వచ్చిన బండికి ముందు ఒక జంపర్ కేబుల్ తీసి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ ఇనుముకి పట్టించి "ఇప్పుడు కొట్టు" అనేవారు. తిరిగిందా, ఎర్త్. తిరగలేదా, అప్పుడు పానా తీసేవారు. నేను పదో క్లాసులో ఉన్నప్పుడు ఆ ఒక్క పని చూసే ఈ లైన్లోకి వచ్చా.

జాగ్రత్తలు. వాచీ, ఉంగరం, చేతి కడియం తీసెయ్. బెల్టు, ఫ్యాను దగ్గర చెయ్యి, మీటర్ వైర్లు పెట్టొద్దు, రేడియేటర్ ఫ్యాను ఎలక్ట్రిక్, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే దానంతట అదే తిరగొచ్చు. బండి స్టార్ట్ అయితే అలాగే ఉంచి బ్యాటరీ మీద మళ్ళీ కొలువు, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. రీడింగులన్నీ రాసి ఇక్కడ పెట్టు, చూద్దాం.

వైజాగ్ శాంత్రో:

ఆటోనగర్ అన్న చెప్పింది అక్షరాలా చెయ్యండి. నేను టూల్స్ గురించి చెప్తా, ఎందుకంటే నేనూ రెండేళ్ళ కింద మీలాగే సున్నా నుంచి మొదలుపెట్టా, నాది పాత శాంత్రో, మాది బీచ్‌కి దగ్గరలో ఇల్లు, ఉప్పు గాలికి ప్రతి నట్టూ తుప్పే.

25 వేల కిట్ అవసరం లేదండీ. ఓ మోస్తరు మంచి సాకెట్ సెట్ ఒకటి (8 నుంచి 19 దాకా చాలు), రెండు వైపులా ఉండే స్పానర్లు 10-11, 12-13, 14-15 మూడు, రెండు స్క్రూ డ్రైవర్లు, ఒక ప్లయర్, నెత్తికి కట్టుకునే టార్చి లైటు. ఈ టార్చి గురించి ఎవరూ చెప్పరు కానీ నాకైతే స్పానర్ల కంటే అదే ఎక్కువ పనికొచ్చింది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. తర్వాత ఏ పనికి ఏది కావాలో అప్పుడు ఒక్కొక్కటీ కొనుక్కోండి. ఒక్కటి మాత్రం, మరీ చీప్ సాకెట్లు వద్దు, అవి నట్టు మూలలు అరగదీసేస్తాయి, గుండ్రంగా అయిపోయిన నట్టుని తీయడం రిపేరు కంటే పెద్ద రిపేరు.

మొదటి పనులు ఏం చేశానంటే ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, హెడ్‌లైట్ బల్బు, ఫ్యూజులు. ఇవన్నీ జాకీ అవసరం లేని పనులు, తప్పు జరిగినా పెద్ద నష్టం లేనివి. బల్బు మార్చేటప్పుడు గాజు భాగాన్ని వేళ్ళతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ది వెయ్యండి, రంగు చూస్తే తెలిసిపోతుంది, ఎరుపు 10, నీలం 15, పసుపు 20. మళ్ళీ మళ్ళీ పోతోందని 10 ఉన్నచోట 20 వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు. ఇది మాత్రం కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే నేను ఇక్కడ నష్టపోయా. శాంత్రోలో ప్లగ్గులు లోతుగా ఉంటాయి, కళ్ళకి థ్రెడ్ (మరచుట్లు) కనపడదు. మొదటిసారి ప్లగ్గుని సాకెట్లో పెట్టి నేరుగా రాట్చెట్‌తో (సాకెట్ తిప్పే పిడి) తిప్పేశా, కొంచెం టైటుగా అనిపించింది, కొత్తది కదా అలాగే ఉంటుందేమో అనుకుని బలం పెట్టా. అడ్డంగా ఎక్కేసింది. ప్లగ్గు కూర్చునే ఇంజిన్ హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఇనుము, ఎవరు ఓడిపోతారో మీకే తెలుసు. థ్రెడ్ బాగు చేయించడానికి ప్లగ్గుల ఖరీదుకి పదింతలు పైనే అయింది, రెండు రోజులు ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు ఆ లేత్ షాపు పెద్దాయన నాకు నేర్పింది ఇది. జానెడు పాత పెట్రోల్ పైపు ముక్క తీసుకుని ప్లగ్గు తెల్ల పింగాణీ వైపు తొడగాలి, పైపు పట్టుకుని ప్లగ్గుని కన్నంలోకి దింపి వేళ్ళతో ముందు ఎడమ వైపుకి అంటే విప్పే వైపుకి నెమ్మదిగా తిప్పాలి, ఒక చోట చిన్నగా "టిక్" అని కిందకి దిగినట్టు వేలికి తెలుస్తుంది, అదే థ్రెడ్ మొదలు. అక్కడినుంచి కుడికి తిప్పాలి. సరిగ్గా పడితే నాలుగైదు చుట్లు వెన్నలా వెళ్ళిపోతుంది. వంకరగా పడితే రబ్బరు పైపు మెలిపడి జారిపోతుంది, హెడ్డు మీద బలం పడదు. అందుకే పైపు. చేత్తో పూర్తిగా కూర్చున్నాకే రాట్చెట్ ముట్టుకోవాలి. ఇంజిన్ చల్లారాకే చెయ్యాలి, ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి ఆ ఒక్కటీ పెట్టేసి తర్వాతదానికి వెళ్ళాలి. అప్పటినుంచి ఇప్పటికి నాలుగుసార్లు మార్చా, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. ఏ నట్టైనా, ఏ బోల్టైనా ముందు వేళ్ళతోనే ఎక్కిస్తా.

కరీంనగర్ కాక:

తమ్మీ, ముట్టుకోవద్దన్న పనులు అడిగినవ్ కదా, నేను జెప్త. నాకు 30 ఏండ్ల నుంచి డ్రైవింగే పని, నా బండ్లు నేనే చేసుకుంట.

అన్నిటికంటే ముందు జాకీ. కంపెనీ ఇచ్చిన జాకీ టైరు మార్చెతందుకు మాత్రమే. దాని మీద బండి పెట్టి కిందికి పోవుడు అస్సలు వద్దు, ఒక్క నిమిషం పనే అయినా వద్దు. మా వాడకట్టు పిలగాడు ఒకడు గట్లనే పోయిండు, కింద మట్టి మెత్తగుండె, జాకీ ఒరిగింది. బతికిండు గానీ భుజం ఎముక ఇరిగి ఆర్నెల్లు మంచం మీద ఉన్నడు. కిందికి పోవాల్నంటే రెండు స్టాండ్లు కొను, గట్టి సిమెంటు నేల మీద పెట్టు, వెనక టైర్లకు రాళ్ళు పెట్టు, స్టాండ్ల మీదికి దింపినంక బండిని పక్కకు ఒక్కసారి గట్టిగ నూకి చూడు, కదలకుంటెనే పో. తీసిన టైరు కూడ బండి కింద పండబెట్టు, ఏదన్న అయితే అదన్న ఆపుతది. ఇటుకలు మాత్రం వద్దు, ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు.

ఈ ఆదివారమే స్టెప్నీ మార్చుడు ఇంటి ముంగట ఓసారి చేసి చూడు. టైరు నేల మీద ఉన్నప్పుడే నట్లు కొంచెం లూజ్ చెయ్యాలె, లేపినంక లూజ్ చేస్తే టైరు తిరుగుతది, బండి ఊగుతది. బిగిచ్చేటప్పుడు ఒకదానికి ఎదురుగ ఉన్నది ఇంకోటి, గట్ల బిగియ్యాలె. దించినంక మళ్ళ ఓసారి, 50 కిలోమీటర్లు తిరిగినంక మళ్ళ ఓసారి చూడు. వాన పడే రాత్రి హైవే మీద నేర్చుకునుడు కంటె ఇది మంచిగుంటది.

రేడియేటర్ మూత ఇంజిన్ వేడి మీద తియ్యకు. లోపల ప్రెజర్ల ఉంటది, మూత తిప్పంగనే కాగే నీళ్ళు మొఖం మీదికొస్తయ్. గంట ఆగు, చెయ్యి పెడితే చల్లగ ఉండాలె, అప్పుడు. పసుపు పచ్చ కనెక్టర్లు స్టీరింగ్ దగ్గర, సీటు కింద కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి, బండిల ఉంటే వాటి జోలికి పోవద్దు. బ్రేకు పని మొదటి ఏడాది సొంతంగ చెయ్యకు, చూసి నేర్చుకో, షెడ్డుల పక్కన నిలబడు, ఏ ప్యాడు ఎంత అరిగిందో అడుగు, మంచి మేస్త్రీ చెప్తడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఊకె తియ్యకు, అది గాలిలో తేమ పీల్చుకుంటది, పెయింటు మీద పడితే పెయింటు లేస్తది. మూసిన షెడ్డుల ఇంజిన్ నడిపియ్యకు, పొగకు మనిషి నిద్రల పోయినట్టే పోతడు.

నీకు ధైర్యం వచ్చినంక ఇంజిన్ ఆయిల్ మార్చుడు నేర్చుకో. అప్పుడు అడుగు, చెప్త.

ఖమ్మం వ్యాగనార్:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు.

నిన్న మల్టీమీటర్ కొన్నా. ఈ రోజు పొద్దున నాన్నని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టా, ఏడాది తర్వాత ఆ సీట్లో కూర్చోవడం ఆయన, తాళం తిప్పమంటే చాలా సంతోషపడ్డారు. రీడింగులు ఇవి. ముట్టుకోకముందు బ్యాటరీ 12.4. తాళం తిప్పితే టక్, అప్పుడు బ్యాటరీ 11.9. అంటే పెద్దగా పడలేదు. నల్ల పిన్ను నెగటివ్ పోస్టు మీద, ఎర్ర పిన్ను ఇంజిన్ బోల్టు మీద పెట్టి తిప్పిస్తే 2.6. నేను తప్పు చూశానేమోనని మూడు సార్లు చేశా, 2.6, 2.4, 2.7. నాలుగోసారి స్టార్ట్ అయింది, అప్పుడు కూడా 1.3 చూపించి తగ్గింది. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ మీద 13.3.

అన్నా ఇది ఎర్తేనా? డైనమో 13.8 కంటే తక్కువ ఉంది, అది కూడా పోయినట్టా?

ఆటోనగర్ అబ్బాయి:

ఎర్తే తమ్ముడూ. 2.6 అంటే సందేహమే లేదు.

డైనమో జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. డైనమో ఇంజిన్‌కి బిగించి ఉంటుంది, దాని నెగటివ్ కూడా ఇంజిన్ బాడీ నుంచే ఆ నల్ల వైరు గుండానే బ్యాటరీకి రావాలి. దారి బాలేనప్పుడు అది 14.2 ఇచ్చినా బ్యాటరీ దగ్గరికి 13.3 చేరుతుంది. నీ పాత బ్యాటరీ తొందరగా పోవడానికి ఇదే కారణం అయి ఉండొచ్చు, రోజూ కడుపు నిండకుండా పనిచేసింది అది. ఎర్త్ బాగు చేసి మళ్ళీ కొలువు, అప్పటికీ 13.3 దగ్గరే ఉంటే అప్పుడు డైనమో గురించి మాట్లాడదాం.

ఇలా చెయ్. తాళం తీసి జేబులో పెట్టుకో. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాలి, 10 నంబర్ స్పానర్. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందంటే మొత్తం బ్యాటరీ కరెంటు స్పానర్ గుండా పోతుంది, స్పానర్ ఎర్రగా కాలి అతుక్కుపోవడం నా కళ్ళతో చూశా. నెగటివ్ తీసేశాక ఇక భయం లేదు. తీసిన క్లాంపుని పక్కకి వంచి గుడ్డ చుట్టు, అదే వచ్చి పోస్టుకి తగలకుండా. గడియారం, రేడియో సెట్టింగులు పోతాయి, తర్వాత పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆ నల్ల వైరుని చేత్తో పట్టుకుని అది వెళ్ళేచోటికల్లా వెళ్ళు. ఒకటి బాడీ మీద బోల్టు, ఇంకోటి కిందకి గేర్‌బాక్స్ వైపు. ఆ కింద బోల్టు దగ్గర చూడు, అక్కడ వానా బురదా ఎక్కువ పడుతుంది. విప్పి కేబుల్ చివర ఉన్న రింగుని రెండు వైపులా ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దు, అది ఆనుకునే ఇనుము కూడా రుద్దు, బోల్టు తల కింద వాచర్ కూడా. ఒక్క వైపే రుద్ది వదిలేస్తారు చాలామంది. బ్యాటరీ పోస్టుల మీద తెల్లగా పచ్చగా బూజు ఉంటే గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో కడుగు, బుసబుసా పొంగుతుంది, అది యాసిడ్ విరుగుతోందన్నమాట. కళ్ళద్దాలు పెట్టుకో, ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకో. ఆరబెట్టి, బిగించి, పూర్తిగా బిగించాకే పైన వ్యాసలీన్ రాయి. ముందు రాసి తర్వాత బిగించొద్దు. పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖరున.

ఇంత చేసినా 0.5 కంటే ఎక్కువ చూపిస్తే కేబుల్ లోపలే రింగు అతికించిన దగ్గర తుప్పు తినేసింది, కేబుల్ మార్చు. అది పెద్ద ఖర్చు కాదు.

డాలస్ కొరోలా:

ఈ చర్చ చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా. నేను తెనాలి నుంచి ఇక్కడికి చదువుకోవడానికొచ్చా, సెకండ్ హ్యాండ్ కొరోలా కొన్నా, ఇక్కడ మెకానిక్ గంటకి తీసుకునే లేబర్ చూసి తప్పనిసరై నేర్చుకున్నా. ఇక్కడ ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే పెద్ద పెద్ద టూల్స్ తెచ్చుకుని పని అయ్యాక తిరిగిచ్చేసి డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు, చాలా సౌకర్యం. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒకసారి మాత్రమే కావాల్సిన టూల్ కొనేయకండి.

ఖమ్మం బ్రో, మీ బండి 2014 కదా, స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది చూడండి. చిన్న బ్లూటూత్ స్కానర్ కొని ఫోన్‌కి కలిపితే ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ చూపిస్తుంది. కానీ ఆ కోడ్ చూడగానే పార్టు ఆర్డర్ పెట్టేయొద్దు, నేను ఆ తప్పు చేశా. పీ0301 వచ్చింది, అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని, అందులో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ అనుకుని కొత్తది కొన్నా, అదే కోడ్. అప్పుడు ఒకాయన చెప్తే ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి మూడో దాంట్లో, మూడోది ఒకటో దాంట్లో వేసి నడిపా. కోడ్ పీ0303కి మారింది. అంటే ప్లగ్గే. ఏ సిలిండర్ అనేది కోడ్ చెప్తుంది, ఎందుకు అనేది మనమే కనుక్కోవాలి.

ఇంకొకటి, ఏది విప్పినా విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీయండి. తీసిన బోల్టులు ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి ఆ బొమ్మలో అవి ఉన్న చోటే గుచ్చి పెట్టండి. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి, చిన్నది ఉన్నచోట పొడవుది బిగిస్తే లోపల దేన్నో పగలగొడుతుంది.

ఖమ్మం వ్యాగనార్:

అయిపోయింది!! ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చి రాస్తున్నా.

బ్యాటరీ దగ్గర క్లాంపు బానే ఉంది, బాడీ బోల్టు బానే ఉంది. గేర్‌బాక్స్ మీద బోల్టు మాత్రం కనపడనే లేదు ముందు, మట్టి గడ్డ కట్టుకుపోయి ఉంది, స్క్రూ డ్రైవర్‌తో గీకితే బయటపడింది. 12 నంబర్ సాకెట్ పట్టింది. విప్పడానికి బలం పెట్టాల్సి వస్తుందేమో అనుకున్నా, సాకెట్ పెట్టి కదిపానో లేదో చేతికే వచ్చేసింది, అంటే ఇన్నాళ్ళూ లూజుగానే ఉంది. ఎవరో ఎప్పుడో విప్పి సరిగా బిగించకుండా వదిలేసినట్టున్నారు. కింద రింగు మీద పచ్చగా బూజు, ఇంజిన్ వైపు నల్లగా చిన్న చిన్న కాలిన మచ్చలు. ఎమరీ పేపర్ పెట్టి రుద్దుతుంటే లోపలినుంచి వెండిలా మెరుపొచ్చింది, అది ఎంత బాగుందో చెప్పలేను. వైజాగ్ మేడం చెప్పినట్టు బోల్టు మొత్తం ముందు వేళ్ళతోనే ఎక్కించా. ఫోటోలు తొమ్మిది తీశా.

నాన్న తాళం తిప్పారు. మొదటిసారికే తిరిగింది, ఇంత జోరుగా సెల్ఫ్ తిరగడం నేను ఈ మధ్య వినలేదు. కొలిస్తే ఇంజిన్‌కీ నెగటివ్‌కీ మధ్య 0.14. ఆన్‌లో బ్యాటరీ మీద 14.2. ఆటోనగర్ అన్నా మీరు చెప్పిన అంకె అలాగే వచ్చింది, నాన్నకి చూపిస్తే "వాళ్ళ నాన్న పేరు చెప్పి ఒక దణ్ణం పెట్టు" అన్నారు. ఖర్చు మీటర్‌కి 450, ఎమరీ పేపర్‌కి 20.

ఆదివారం స్టెప్నీ మార్చడం ప్రాక్టీస్ చేస్తా. కరీంనగర్ కాకా, ఆయిల్ మార్చడం ఇప్పుడు చెప్తారా?

ఆటోనగర్ అబ్బాయి:

చాలా సంతోషం తమ్ముడూ. మా నాన్నకి చదివి వినిపించా, ఆయన అడిగింది ఒక్కటే, "వాచర్ వేశాడా" అని. ఆ బోల్టుకి స్ప్రింగ్ వాచర్ లేకపోతే ఒకటి వెయ్, వైబ్రేషన్‌కి మళ్ళీ లూజ్ అవుతుంది. నెల తర్వాత ఒకసారి ఆ 0.14 మళ్ళీ కొలిచి చూడు.

కరీంనగర్ కాక:

శభాష్ తమ్మీ. ఇగ ఆయిల్ సంగతి.

ముందు మాన్యువల్ తియ్, ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు అండ్లనే ఉంటది, షాపాయన చెప్పింది కాదు. ఇంజిన్ ఒక ఐదు నిమిషాలు నడిపి బంద్ జెయ్, గోరువెచ్చగ ఉంటే ఆయిల్ మంచిగ కారుతది, మరీ వేడి ఉంటే చెయ్యి కాలుతది. స్టాండ్ల గురించి మళ్ళ చెప్పాల్సిన పని లేదనుకుంట. కింద చాంబర్ (ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు విప్పు, ఆఖరి చుట్టు చేత్తోని తిప్పుకుంట పైకి నొక్కి పట్టి ఒక్కసారి పక్కకు గుంజు, లేకుంటే బోల్టు బకెట్ల పడతది.

ఆ బోల్టు వాచర్ ప్రతిసారి కొత్తది వెయ్యి. బిగిచ్చేటప్పుడు పొడుగు పైపు తగిలిచ్చి బలం పెట్టకు. నేను మొట్టమొదటిసారి కారుతదేమో అన్న భయంతోని పైపు పెట్టి బిగిచ్చిన, తర్వాత సర్వీసుకు విప్పితే బోల్టుతోని పాటు చాంబర్ థ్రెడ్ మొత్తం దారం లెక్క బయటికొచ్చింది. చాంబర్ దించి పెద్ద సైజు థ్రెడ్ కొట్టియ్యాల్సొచ్చింది. వాచర్ అనిగినట్టు చేతికి తెలిసినంక ఇంకొంచెం, అంతే.

ఫిల్టర్ విప్పినంక పాత దాని రబ్బరు రింగు దానికే ఉందా చూడు, ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కొని ఉంటది, దాని మీద కొత్తది వేస్తే ఆయిల్ మొత్తం రోడ్డు మీదికి పోతది. కొత్త ఫిల్టర్ రింగుకు వేలుతోని ఆయిల్ రాసి చేత్తోనే బిగియ్యి. ఆయిల్ పోసినంక స్టార్ట్ చేసి కిందికి వంగి చూడు, కారకుంటే బంద్ జేసి పది నిమిషాలు ఆగి ఆయిల్ ఎంతుందో చూసే స్టిక్ తీసి చూడు. పాత ఆయిల్ డ్రైనేజీల పొయ్యకు, డబ్బాల పోసి షెడ్డుల ఇయ్యి, వాళ్ళ దగ్గర కొనుక్కపోయెటోళ్ళు వస్తరు.

చేసే రోజు పొద్దున ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, నేను ఫోన్ దగ్గరనే ఉంట.